వానకు నిలబడిన లబ్ధిదారు

న్యాయం అందరికీ సమానం. లేనివాళ్లకైతే అది ఉచితం కూడా. ఈ మాటను ఉచిత న్యాయ సహాయ కార్యాలయం గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించారు. చాలా దూరం నుంచే కనిపిస్తుంది. (దూరం నుంచే చదివి సంతృప్తిపడితే దగ్గరికి వచ్చే శ్రమ తప్పుతుందని కాబోలు.) ఉచితమైన వస్తువు గనక దాన్ని అందుకునే ముందు దరఖాస్తుదారు చేయవలసిన పనులు కొద్దిగానే ఉన్నాయి:

తాను బీదవాడినని ఒక అధికారి చేత రాయించుకోవాలి.

ఆ అధికారి ఆ రోజు ఆ కుర్చీలోనే ఉన్నారని ఇంకో అధికారి చేత రాయించుకోవాలి.

ఇంట్లో లేని వస్తువుల పట్టిక ఇవ్వాలి, ఫొటోలతో సహా.

తనవి నాలుగు ఫొటోలు ఇవ్వాలి. నవ్వకూడదు. (నవ్వితే ఆదాయం దాచినట్టు అనుమానం వస్తుంది.)

మంగళ, శుక్రవారాల్లో పది నుంచి ఒంటిగంట లోపు రావాలి. వకీలుగారి బస్సు ఆలస్యమైతే పన్నెండు నుంచి ఒంటిగంట లోపు రావాలి. బస్సు రాకపోతే వచ్చినట్టు సంతకం పెట్టి వెళ్లాలి.

ఇవన్నీ పూర్తయ్యేదాకా అవతల కోర్టులో కేసు కదలకుండా చూసుకోవాలి. ఇది మాత్రం దరఖాస్తుదారు సొంత పూచీ.

బొత్తాల అక్క ఈ పనుల్లో చివరి రెండూ తప్ప అన్నీ పది రోజుల్లో ముగించింది. అంత తొందరగా బీదరికం నిరూపించుకున్న మనిషిని తాము చూడలేదని ఆ అధికారులే మెచ్చుకున్నారు.

ఆమె అసలు పేరు కాగితాల్లో ఉంది, వీధిలో లేదు. మేడాయన ఇంటి కింది అంతస్తులో వీధివైపు గదిలో పందొమ్మిదేళ్లుగా ఉంటోంది. పగలు అది కుట్టు దుకాణం, పొద్దుగూకితే ఇల్లు. ఊడిన బొత్తాం కుట్టడం, మొరాయించిన జిప్పు మార్చడం, లావైనవాళ్ల బట్టలు వదులు చేయడం, చిక్కినవాళ్లవి బిగించడం ఆమె వృత్తి. ఊళ్లో ఎవరు ఏ ఏడాది ఎంత లావయ్యారో ఆమెకి తెలిసినట్టు డాక్టరుకి కూడా తెలియదు. ఆ గదికి ఒక కిటికీ, ఆ కిటికీ దగ్గర మిషను. మధ్యాహ్నం మూడింటిదాకా సూదిలోకి దారం ఎక్కించడానికి సరిపడా వెలుతురు వస్తుంది. ఆమె ఆస్తి ఆ వెలుతురే అనుకోవచ్చు.

ఆ గది ఖాళీ చేయించమని మేడాయన కోర్టుకెక్కాడు. కారణం కూడా స్పష్టంగా రాయించాడు: “వయసు మీద పడుతున్న పిటిషనరుకు ప్రశాంతంగా పుస్తకాలు చదువుకోవడానికి సదరు గది తప్ప మరో చోటు లేనందున.” కాగితం అందిన ఇరవయ్యో రోజున, గురువారం పదకొండు గంటలకి ఆమె హాజరై జవాబు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే చెప్పుకోవడానికి ఏమీ లేదని కోర్టు భావిస్తుంది. గది మేడాయనది అవుతుంది. మిషను వీధిది అవుతుంది.

కాగితాన్ని ఎదురు దుకాణం సైకిలు బాబాయి పంక్చరు వేస్తున్న చేతుల్ని తుడుచుకుని మరీ చదివాడు.

“మేడాయనకి చదువా?” అన్నాడు. “బుద్ధెరిగినప్పట్నించీ ఆ మనిషి చదివింది కరెంటు మీటరొక్కటేనే అమ్మాయ్. అదీ మన మీటరు.”

“నవ్వకు బాబాయ్. నాకు కాళ్లూ చేతులూ ఆడ్డం లేదు.”

“ఆ పక్క కొట్టునీ నీ గదినీ కలిపేసి ఎవరికో పెద్ద షోరూమ్‌కి ఇస్తాడట. మొన్న టేపు పట్టుకొచ్చి కొలిచిపోయారు. నీ మిషను ఉన్నచోట వాళ్ల ఏసీ పెడతారట.”

“మరి చదువుకోడం?”

“ఆ ఏసీ కింద నిలబడి బోర్డు చదువుకుంటాడేమో.”

వకీలుని పెట్టుకునే స్తోమత లేదు. ఉచిత న్యాయ సహాయం ఉందని బాబాయే గుర్తుచేశాడు. ఆ గోడ మీది అక్షరాలు అతని దుకాణంలోంచి కూడా కనిపిస్తాయి.

బీదరికం రుజువు చేసే పనిలో ఫ్రిజ్ దగ్గర మాత్రం కాస్త చిక్కొచ్చింది. ఇంట్లో ఫ్రిజ్ లేదని అక్క రాసిచ్చింది. లేదంటే సరిపోదు, లేని ఫ్రిజ్ ఫొటో కావాలన్నారు. ఫ్రిజ్ ఉండాల్సిన మూలని ఫొటో తీయించి పట్టుకెళ్లింది. అధికారి కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“ఈ మూలలో ఏదో ఉందే?”

“నీళ్ల కుండండీ.”

“అది తీసేసి మళ్లీ తీయించండి. కుండ అడ్డంగా ఉంటే వెనక ఫ్రిజ్ లేదని మాకెలా తెలుస్తుందమ్మా?”

రెండో ఫొటోలో ఫ్రిజ్ లేకపోవడం చక్కగా కనిపించింది. సంతకమైంది.

పదకొండో రోజు మంగళవారం. కార్యాలయంలో ఒక బల్ల, ఒక బెంచీ, ఒక పాత కంప్యూటరు, దాని వెనక రిజిస్టరు అమ్మాయి. ఆ అమ్మాయి వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. చదువంటే అచ్చయిన ప్రతి ముక్కనీ పూర్తిగా చదివి పూర్తిగా పాటించడమని ఆమె నమ్మకం. ఈ నమ్మకాన్ని సరిదిద్దే తీరిక అక్కడ ఎవరికీ దొరకలేదు.

బస్సు దయతలచింది. వకీలు పదకొండుకే వచ్చారు. మంచి మనిషి. మేడాయన కాగితాన్ని చదవడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది, అందులో ఒక నిమిషం కళ్లజోడు వెతుక్కోవడానికి.

“భలే రాశాడమ్మా! చదువుకోడానికా? ఆ మేడంతా ఏం చేస్తాడట? ఇదేం పెద్ద విషయం కాదు. అర పేజీ జవాబు చాలు. మీరు నిశ్చింతగా ఉండండి.”

అక్కకి పదకొండు రోజుల తరవాత మొదటిసారి ఊపిరి కడుపులోంచి వచ్చింది. “మీ కడుపు చల్లగుండ” అనబోయింది. ఆ మాట సగంలో ఉండగానే బల్ల అవతలి నుంచి చిన్న దగ్గు వినిపించింది.

“సార్,” అంది రిజిస్టరు అమ్మాయి, “ఎదుటి పార్టీ పేరు కొట్టి చూశాను. ఆయన మన మనిషేనండి.”

ఇక్కడ పాఠకులకు ఒక నిబంధన విన్నవించాలి. న్యాయ సహాయ కార్యాలయం ఒకసారి ఎవరికి సలహా ఇచ్చిందో వారికి ఎదురుగా ఎన్నడూ నిలబడరాదు. ఇది మంచి నిబంధనే. ఒకే వకీలు ఇద్దరి చెవుల్లోనూ ఊదితే న్యాయం చెవిటిదైపోతుందని ఎవరో పెద్దలు ఆలోచించి పెట్టారు. పెద్ద ఊళ్లలో దీనివల్ల ఇబ్బంది లేదు, అక్కడ ఇంకో కార్యాలయం ఉంటుంది. ఈ ప్రాంతం మొత్తానికి ఉన్నది ఈ ఒక్క బల్ల.

అయినా ఇబ్బంది వచ్చేది కాదు. కానీ మూడేళ్ల కిందట పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. లబ్ధిదారుల సంఖ్య నానాటికీ తగ్గుతున్నందుకు విచారం వ్యక్తం చేస్తూ, “ఇకమీదట కార్యాలయ గడప దాటిన, లేదా దాటే ఉద్దేశం ఉన్నట్టు కనిపించిన, ప్రతి పౌరుని లబ్ధిదారుగా నమోదు చేయవలెను” అని ఆదేశించింది. రిజిస్టరు అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది. ఆ రోజు నుంచే అమలు చేసింది.

బస్టాపు ఎటని అడిగినవాళ్లను “ప్రయాణ హక్కుపై సలహా” కింద రాసింది. మంచినీళ్లు తాగి వెళ్లినవాళ్లు “తాగునీటి హక్కు” కింద వెళ్లారు. పక్కనున్న పశువుల ఆసుపత్రి అనుకుని మేకతో సహా లోపలికొచ్చిన ముసలాయన “సరైన కార్యాలయాన్ని పొందే హక్కు” కింద నమోదయ్యాడు. (మేకను నమోదు చేయాలా అని పైకి రాశారు. జవాబు ఇంకా రాలేదు.) రెండేళ్లలో లబ్ధిదారుల సంఖ్య ఊరి జనాభాకి సమానమైంది. పోయిన ఏడాది జనాభాని దాటింది. కార్యాలయానికి ప్రశంసాపత్రం వచ్చింది, అద్దం కట్టించి గోడకి తగిలించారు.

ఊరంతా తమ మనుషులే కాబట్టి ఊళ్లో ఎవరి మీదా కేసు పట్టడానికి వీల్లేదు. ఈ మూడేళ్లలో కార్యాలయం కోర్టులో నడిపిన కేసు ఒక్కటే. దారిన పోతూ కొట్టుకున్న ఇద్దరు పొరుగూరివాళ్లది. ఓడిపోయిన కేసులు సున్నా అని ప్రశంసాపత్రంలో ప్రత్యేకంగా రాశారు.

“ఆయన ఎప్పుడొచ్చాడమ్మా మన దగ్గరికి?” అన్నారు వకీలు.

అమ్మాయి తెర మీదిది చదివింది. “రెండేళ్ల కిందటండి. నాలుగు వేల నూట పన్నెండో లబ్ధిదారు. వాన పడుతుంటే మన వరండాలో పన్నెండు నిమిషాలు నిలబడ్డారు. ‘ఆశ్రయం పొందే హక్కు’ కింద, తక్కువ ఆదాయం వాళ్ల పట్టికలో రాశాను.” తరవాత గొంతు తగ్గించింది. “నేనే రాశానండి. సర్క్యులర్లో అలా ఉంది.”

“వాన వెలిసేలోగా ఏమన్నా అడిగాడా?”

“‘ఇంకా వదల్లేదేంటీ దరిద్రపు వాన’ అన్నారండి. అది సలహా కోరడం కిందకి వస్తుందో రాదో తెలీక, వస్తుందనే రాశాను.”

వకీలు అక్క కాగితాన్ని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టారు. ఇలాంటి సందర్భానికి ఒక ఫారం ఉంది. ఎదుటి పార్టీ తమ మనిషని తెలియక ముందు చదివేసిన కాగితాన్ని చదవనట్టుగా భావిస్తానని వకీలు అందులో హామీ ఇవ్వాలి. ఇచ్చారు. తేదీ వేశారు.

“అదేంటండీ! అర పేజీ చాలన్నారు కదా ఇందాక?”

“నేనేమీ అనలేదమ్మా. నేనసలు చదవలేదు.” ఆయన కలం మూత పెట్టారు. “చూడండి, ఈ రోజు నుంచీ నేను మీతో మాట్లాడకూడదు. బజార్లో కనబడినా పలకరించకపోతే మరోలా అనుకోకండి.”

“మరి నేనిప్పుడేం చెయ్యాలి?”

“అది చెబితే సలహా అవుతుంది.”

ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. అక్క అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. చీర చెంగు అంచున ఊడిన కుట్టు ఒకటి కనబడితే దాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికి రిజిస్టరు అమ్మాయి లేచి వచ్చి, గోడకున్న నిబంధనల పటం ముందు నిలబడింది.

“అక్కా, గోడ మీదున్నది ఎవరడిగినా చదివి వినిపించాలని ఉందిక్కడ. మీరు అడిగారా?”

“ఏం అడగాలమ్మా?”

“అడిగారన్నమాట,” అని అమ్మాయి ముప్పై ఒకటో నిబంధన చదివింది. తాను ఎలాంటి సహాయమూ పొందలేదని లబ్ధిదారు స్వయంగా సంతకం చేసిస్తే అతని పేరు కొట్టేయవచ్చు. పేరు పోతే అడ్డు పోతుంది. అమ్మాయి దాన్ని రెండోసారి ఇంకా నిదానంగా చదివింది. తరవాత వెళ్లి కుర్చీలో కూర్చుని, తానేమీ చెప్పనట్టు ఫైలు తెరిచింది.

మర్నాడు సాయంత్రం అక్క మేడ ఎక్కింది. మేడాయన వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు. చలవ చొక్కా, చేతికి రెండు ఉంగరాలు. ఆ చొక్కా భుజాల దగ్గర రెండుసార్లు వదులు చేసింది అక్కే.

“ఏమ్మా, ఏదున్నా కోర్టులో మాట్లాడుకుందాం కదా,” అన్నాడు.

“కోర్టులో మాట్లాడ్డానికే మీ సంతకం కావాలండీ అన్నగారూ.”

“నా మీద కేసాడ్డానికి నా సంతకమా?”

“అవునండీ. మీరు సాయమేం పుచ్చుకోలేదని రాసిస్తే చాలు.”

“సాయమా? నేనెవరి దగ్గరా పూచికపుల్ల పుచ్చుకోలేదే!”

“అదేనండీ, అదే రాయమంటున్నాను. ఉచిత న్యాయ సహాయం పుచ్చుకున్నట్టు మీ పేరుందక్కడ. తక్కువ ఆదాయం వాళ్ల పట్టికలో. నాలుగు వేల నూట పన్నెండు.”

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

“ఏవండీ! మనకి ఆదాయం తక్కువా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేం? మా అన్నయ్యని అడిగేదాన్ని కదా!”

“నువ్వూరుకోవే! ఎవడు రాశాడమ్మా ఆ మాట?”

“పుస్తకం కూడా అచ్చేశారటండీ, ఏడాది చివర. అన్ని సంఘాలకీ పంచారట.”

మేడాయనకి ఒక్కసారిగా చాలా సంగతులు అర్థమయ్యాయి. సంఘం మీటింగులో బియ్యం కొట్టాయన తనకి టీ తెప్పించి, “పర్లేదు, నేనిస్తాలెండి” అనడం అందులో ఒకటి. పోయిన నెల ఎవరో పాత దుప్పటి గేటుకి తగిలించిపోవడం ఇంకొకటి. సంతకం సంగతి అడిగే సందు అక్కకి దొరకలేదు. ఆయన చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

గురువారం ఉదయం కార్యాలయం తలుపు తీయకముందే మేడాయన వరండాలో ఉన్నాడు.

“నా పేరు కొట్టెయ్! ఇప్పుడే, ఈ క్షణమే!”

“కొట్టేస్తానండి. సహాయం పొందలేదని ఇక్కడ సంతకం పెట్టండి. పట్టికలో తక్కువ ఆదాయం అని పడింది కాబట్టి, మీరు బీదవారు కారని రుజువు కూడా జతచెయ్యాలి.”

“రుజువా? నన్ను చూస్తే తెలీడం లేదూ?”

“చూసి రాసే అధికారం మాకు లేదండి.” అమ్మాయి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. “మీ ఇళ్లు, గదులు, కొట్లు, అన్నీ ఇక్కడ రాయాలి. పక్క గడిలో అవి ఏ వాడకంలో ఉన్నాయో రాయాలి. గళ్లు పన్నెండు ఉన్నాయి.”

మేడాయన ఏడు రాసి కలం మూత పెట్టాడు.

“ఇంతేనా అండీ?” అంది అమ్మాయి. ఖాళీ గడి ఉంటే అలా అడగాలని ఫారం అడుగున ఉంది. కానీ లోకంలో కొన్ని ప్రశ్నలు కొందరు మనుషుల్ని అడగకూడదు. ఆయన కలం మూత మళ్లీ తీశాడు. చెరువు అవతలి గోదాము, కూరగాయల మార్కెట్టు వెనక రెండు గదులు, ఎవరికీ తెలియకుండా కొన్న ఒక పెంకుటిల్లు, వరసగా రాసుకుపోయాడు. వాడకం గడిలో “ఖాళీ”, “ఖాళీ”, “ఖాళీ”, “పాత కుర్చీలు” అని రాశాడు. పన్నెండో గడిలో అక్క ఉండే గది చేరింది. కింద సొంత దస్తూరీతో “ఇవి గాక బంగారం వేరే” అని గీటు గీశాడు. అలా రాయమని ఫారం అడగలేదు.

పేరు వెంటనే కొట్టేయడానికి లేదు. ముప్పై ఒకటి (ఇ) ప్రకారం సంతకం, రుజువు రెండూ ఏడు రోజులు నోటీసు బోర్డు మీద ఉండాలి. అభ్యంతరాలు రాకపోతే ఆ పై శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. అక్క కేసు ఆ ముందురోజు, గురువారం. అంటే వకీలు ఆమెను చూడగలిగే అర్హత ఆమె గది పోయిన మర్నాటికి వస్తుంది.

శనివారం అక్క ఈ సంగతి కనుక్కోవడానికి వచ్చింది. రిజిస్టరు అమ్మాయి తల ఎత్తలేదు.

“బోర్డు చూడండక్కా.”

ఆ బోర్డు మీది నోటీసులన్నీ కళ్లకి గజం పైన, దూలానికి దగ్గరగా ఉంటాయి. కాకులు తప్ప ఎవరూ చదివిన దాఖలా లేదు. ఆ రోజు ఒక్క కాగితం మాత్రం కిందకి, పొట్టి మనిషైన అక్క కళ్లకి సూటిగా ఉంది. ఆమె మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. పన్నెండో గడిలో తన గది కనబడగానే వేలు వెనక్కి జరిపి, దాని పైనున్న ‘ఖాళీ’లను లెక్కపెట్టింది.

“దీనికి నకలు ఇస్తారామ్మా?”

“నోటీసు బోర్డు మీద ఉన్నదానికి ఎవరడిగినా నకలు ఇవ్వాలి అని ఉంది.”

“ఎవరడిగినానా? నాకు కూడానా?”

అమ్మాయి నిబంధన మళ్లీ చదివి చూసుకుంది. “ఎవరడిగినా అంటే ఎవరడిగినానేనండి,” అని ముద్ర వేసి ఇచ్చింది.

జవాబు రాసే పనికి సైకిలు బాబాయి కూర్చున్నాడు. “రాయవే అమ్మాయ్: ‘ఓ ధర్మప్రభూ, ఈ దీనురాలి కన్నీటి గాథ...’”

“అర పేజీయే బాబాయ్. కన్నీటికి చోటు చాలదు.”

“పోనీ మేడాయన్ని నాలుగు తిట్లన్నా?”

“తిట్లు ఆయనే రాసుకున్నాడుగా, పన్నెండు గళ్లలో.”

గురువారం కోర్టు హాలులో ఫ్యాను తిరుగుతోంది, ఒక బల్ల మీద ఎవరిదో పాత ఫైలు రెపరెపలాడుతోంది. మేడాయన పక్కన కొత్త కోటు వేసుకున్న వకీలు ఉన్నాడు. అక్క పక్కన ఎవరూ లేరు. జడ్జిగారు అద్దాల మీంచి చూశారు.

“మీ తరఫున వకీలెవరమ్మా?”

“ఉన్నారండీ. అదుగో, మూడో బెంచీలో, పైకి చూస్తున్నారు. ఆయన నన్ను చూడకూడదటండీ.”

వకీలు ఇంకాస్త దీక్షగా పైకి చూశారు. పొరుగూరివాళ్ల కేసు వాయిదాకి వచ్చారాయన. హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క అర పేజీనీ ముద్రవేసిన నకలునీ అందించింది. జడ్జిగారు రెండింటినీ చదివి, నకలుని ఇంకోసారి చదివారు.

“ఈ పట్టిక మీరు రాసిందేనా?”

“నేనే రాశానండీ,” అన్నాడు మేడాయన. ఆ మాటలో ఇంకా కాస్త గర్వం మిగిలే ఉంది. పక్కనున్న కొత్త కోటు ఆయన చొక్కా లాగేసరికి ఆలస్యమైపోయింది.

“చదువుకోడానికి వేరే చోటు లేదని పిటిషన్లో రాశారు. ఇక్కడ నాలుగు చోట్లు వాడకంలో లేవని రాశారు. మీ దగ్గర పుస్తకాలెన్ని ఉన్నాయి?”

“కొందామనుకుంటున్నానండీ.”

“ఆ ఖాళీ చోట్లలో చదువుకుంటే ఏం?”

“మూడు మరీ చీకటండీ. నాలుగోదాన్నిండా పాత కుర్చీలేనండీ.”

“మంచిదే కదా,” అన్నారు జడ్జిగారు, “కూర్చోవచ్చు.”

పిటిషన్ కొట్టేశారు. అక్క బయటికొచ్చి మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఆ మధ్యాహ్నం మూడింటికి ముందే ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఒక జిప్పు మార్చింది.

మర్నాడు శుక్రవారం కమిటీ కూర్చుని మేడాయన పేరు తొలగించింది. వకీలు ఆ క్షణం నుంచి అక్కను చూసే అర్హత పొంది, బజారుకి అడ్డంగా పరుగెత్తుకొచ్చి అభినందించారు. ఖాళీ అయిన నంబరు ఖాళీగా ఉండకూడదు కాబట్టి నాలుగు వేల నూట పన్నెండో లబ్ధిదారుగా అక్కను నమోదు చేశారు. సహాయం స్వభావం: “వకీలు లేకుండా వాదించుకునే శక్తి కల్పించుట.” ఆ ఏడాది పుస్తకంలో ఆమె ఫొటో వేశారు. నవ్వకుండా తీసిందే వేశారు.

పై కార్యాలయం ఈ వ్యవహారాన్ని ఊరికే వదలలేదు. రిజిస్టరు అమ్మాయికి మెమో వచ్చింది. అందులో నేరాలు మూడు. ఒకటి, ప్రశంసాపత్రం పొందిన కార్యాలయంలో లబ్ధిదారుల పట్టిక నుంచి పేరు తొలగింపునకు దోహదం చేయుట. రెండు, నోటీసును నిర్ణీత ఎత్తుకు ముప్పై అయిదు అంగుళాలు దిగువన అంటించి చదువుటకు వీలు కల్పించుట. మూడు, నకలును అడిగిన రోజే ఇచ్చి, కార్యాలయ వేగంపై ప్రజల్లో అనవసరపు ఆశలు రేకెత్తించుట. అమ్మాయి మూడింటినీ పూర్తిగా చదివింది. ముప్పై అయిదు కాదు, ముప్పై ఆరు అంగుళాలని జవాబు రాసింది. ఆమెను చాలా దూరంలో ఉన్న పాత రికార్డుల గోదాముకి బదిలీ చేశారు. అక్కడికి జనం రారు, అందువల్ల తప్పులు జరగవు.

సంగతి తెలిసిన రోజున అక్క కార్యాలయానికి వెళ్లింది. బల్ల వెనక కొత్తాయన ఉన్నాడు.

“నా కేసులో ఆ అమ్మాయి సాయం చేసిందని మీ రిజిస్టర్లో రాయాలండీ.”

ఆయన మర్యాదగా రిజిస్టరు తెరిచి, గళ్లన్నీ వేలితో చూపించాడు. సహాయం పొందినవారి పేరు, తండ్రి పేరు, చిరునామా, ఆదాయం, సహాయం స్వభావం, నిమిషాల్లో వ్యవధి.

“చేసినవాళ్ల పేరుకి గడి లేదమ్మా,” అన్నాడు. “ఇంతవరకూ అవసరం పడలేదు.”

కాబట్టి ఆ అమ్మాయిని పాఠకులే గుర్తుపెట్టుకోవలసిందని మనవి. ఇందుకు ఫారం ఏదీ లేదు. అక్క అడిగి చూసింది.